మింటీ నొక్కని మీట

మా కౌంటీలో సగం మంది మింటీ స్టిడమ్‌ను డాక్టరు అనరు. కళ్లజోళ్ల మనిషి అంటారు. మిగతా సగం మంది డాక్టరుగారూ అంటారు గానీ, అదీ ఆమె ఎదురుగా కూర్చుని యంత్రం మీద గడ్డం ఆనించినంతసేపే. బయటికి రాగానే వాళ్లకీ ఆమె డ్రెక్సెల్ స్టిడమ్ కూతురు మింటీయే. అసలు పేరు అర్మింటా. ఆ పేరు గోడ మీద పటం కట్టిన సర్టిఫికెట్టులో తప్ప ఇంకెక్కడా కనబడదు.

నా పేరు జెనీవా, మింటీ నోట్లో నీవా. లారెల్ గ్యాప్ మెయిన్ స్ట్రీట్‌లో ఆమె ఆఫీసు తెరిచిన రోజు నుంచి ముందు బల్ల దగ్గర కూర్చునేదాన్ని నేనే. అంతకుముందు ఒకటో తరగతి నుంచీ ఆమె పక్క బెంచీ కూడా నాదే. అందుకని మింటీ గురించి చెప్పే హక్కు నాకు ఉందనుకుంటాను. లేదని ఆమె అంటుంది.

తొమ్మిదేళ్లు వచ్చేదాకా మింటీకి నల్లబల్ల మీద ఏం రాశారో కనబడేది కాదు. కనబడటం లేదని ఆమెకీ తెలియదు, టీచరుకీ తెలియదు. మొద్దు పిల్ల అనుకున్నారు. ఒకసారి బడికి వచ్చిన నర్సు కనిపెట్టి కళ్లజోడు ఇప్పించింది. ఆ సాయంత్రం మింటీ వాళ్ల అమ్మమ్మ వరండాలో కూర్చుని ఎప్పటిలాగే కథ చెబుతోంది, ఎలుగుబంటి వచ్చి తన చేతిలోని రొట్టె తిని వెళ్లిందని. మింటీ కళ్లజోడు పెట్టుకుని చూసింది. అమ్మమ్మ కథ చెబుతూ చెబుతూ పక్కనున్న అమ్మ వైపు తిరిగి కన్ను గీటింది.

మర్నాడు బళ్లో మింటీ ఏడుస్తూ నాతో ఆ సంగతి చెప్పింది. "అన్నీ అబద్ధాలేనే నీవా. పుట్టినప్పటి నుంచీ చెప్పినవన్నీ."

ఏడుపు ఆ ఒక్క రోజే. తర్వాత వారమంతా మనుషుల మొహాలే చూస్తూ తిరిగింది. ఎవరు నవ్వాపుకుంటున్నారు, ఎవరు కోపం దాచుకుంటున్నారు, ఎవరి పళ్ల మధ్య పుగాకు ఇరుక్కుంది, అన్నీ నాకు చెప్పేది. కళ్ల డాక్టరవుతానని అప్పుడే అంది. మా నాన్న బొగ్గు లారీ తోలేవాడు, వాళ్ల నాన్న గనిలో కరెంటు పని చేసేవాడు. మా వీధిలో పిల్లలు ఏమవుతామన్నా పెద్దవాళ్లు "అలాగే అవుదువుగాని, ముందు బీన్సు ఒలువు" అనేవాళ్లు. మింటీ బీన్సు ఒలిచింది, డాక్టరూ అయింది. ఎనిమిదేళ్లు బయట చదువుకుని వచ్చి, మూతబడ్డ చెప్పుల కొట్టు అద్దెకు తీసుకుంది. ఇప్పటికీ వాన పడితే మా ఆఫీసులో తోలు వాసన వస్తుంది.

ఆమె ఆప్టోమెట్రిస్టు. అంటే చూపు పరీక్ష చేస్తుంది, అద్దాలు రాస్తుంది, కంట్లో జబ్బుంటే పట్టుకుంటుంది, చుక్కల మందు ఇస్తుంది. కత్తి పట్టాల్సిన పని, లేజరు పెట్టాల్సిన పని ఉంటే మాత్రం చీటీ రాసి లెక్సింగ్టన్ పట్నంలో కంటి సర్జను దగ్గరికి పంపాలి. చాలాకాలం రూలు అదే. మా కొండల్లోంచి లెక్సింగ్టన్‌కు కారులో రెండున్నర గంటలు. మంచు పడితే దేవుడికే తెలియాలి.

చీటీలు రాసేది ఆమె, అచ్చు వేసి ఇచ్చేదాన్ని నేను. ఎవరు వెళ్లారో ఎవరు వెళ్లలేదో కూడా నాకు తెలుసు. ఒకసారి ఓ పెద్దావిడ అంత్యక్రియలకు వెళితే, ఆవిడ బైబిల్లో పేజీ గుర్తుగా మా చీటీ ఉంది. మూడేళ్ల కిందటిది. ఆఫీసుకి వచ్చి మింటీకి చెప్పాను. ఆ మధ్యాహ్నం ఇద్దరు పేషెంట్లకు తప్పు పేర్లు పెట్టి పిలిచింది.

వెళ్లనివాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది పెద్ద ఆపరేషను కూడా కాదు. శుక్లాలు తీయించుకున్నవాళ్లలో కొందరికి ఏడాదికో రెండేళ్లకో, లోపల అమర్చిన అద్దం వెనకున్న పలుచటి పొర మసకబారుతుంది. పొగచూరిన కిటికీలోంచి చూసినట్టుంటుంది. లేజరుతో ఆ పొర మధ్యలో చిన్న రంధ్రం చేస్తే చాలు, మళ్లీ వెలుగొస్తుంది. ఐదు నిమిషాల పని. దానికి పోనురాను ఐదు గంటల ప్రయాణం, తీసుకెళ్లడానికి ఒక మనిషి, ఆ మనిషికి ఒక రోజు పని పోవడం. "ఉన్న చూపు చాల్లే" అని ఊరుకునేవాళ్లు.

రెండు వేల పదకొండులో మా రాష్ట్రంలో చట్టం మారింది. తగిన శిక్షణ తీసుకుని పరీక్ష ప్యాసైతే ఆప్టోమెట్రిస్టులు కూడా కొన్ని రకాల లేజరు చికిత్సలు చెయ్యొచ్చన్నారు. సర్జన్లకు నచ్చలేదు. మేం చీటీలు పంపే డాక్టర్ విట్లో పేపరుకు ఉత్తరమే రాశాడు. కంటి లోపలి పని ఏళ్ల తరబడి ఆపరేషను బల్ల దగ్గర నిలబడి నేర్చుకోవాలనీ, తరగతి గదిలో కొన్నాళ్లు కూర్చుంటే రాదనీ, లేజరు పెట్టడం కన్నా ఎప్పుడు పెట్టకూడదో తెలియడం కష్టమనీ. ఆయన చెడ్డవాడు కాదు. మా ఊరివాళ్ల కళ్లు ఎన్ని బాగుచేశాడో నా ఫైళ్లే చెబుతాయి. అయినా నాకు ఒళ్లు మండింది.

"చూశావా ఎంత మాటన్నాడో?"

మింటీ నా బల్ల అంచు మీద కూర్చుని ఉత్తరం రెండుసార్లు చదివింది. "చివరి మాట సరిగ్గానే అన్నాడే నీవా. పెట్టకూడదని తెలియడమే కష్టం."

"మరైతే నువ్వు నేర్చుకోవా?"

"నేర్చుకోనని ఎవరన్నారు? అది కూడా నేర్చుకుంటానంటున్నా."

ఓక్లహోమాలో ఆప్టోమెట్రిస్టులు ఏళ్ల నుంచే ఆ పని చేస్తున్నారు. మింటీ అక్కడికెళ్లి ఒకావిడ దగ్గర నేర్చుకుంది, పరీక్ష రాసింది, ఆవిడ పక్కన ఉండగా స్వయంగా చేసి చూపించింది. వచ్చేటప్పుడు బొమ్మ కళ్లు ఒక డబ్బా నిండా తెచ్చుకుంది. మూడు వారాలు ప్రతి సాయంత్రం వంటింటి బల్ల మీద మామూలు కంటి యంత్రం పెట్టుకుని, పెద్ద లేజరు ముందు పేషెంటును ఎలా కూర్చోబెట్టాలో, తల కదిలితే ఏం చెయ్యాలో సాధన చేసేది. పేషెంటు వాళ్లాయన లోవెల్. అతను స్కూలు బస్సు నడుపుతాడు, మాటల పుట్ట. గడ్డం ఆనించి కదలకుండా, మాట్లాడకుండా పావుగంట కూర్చోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"నన్ను ఇట్టా నోరు మూయించే యంత్రం ఇరవయ్యేళ్ల కిందటే దొరికుంటే, మా కాపురం ఇంకా ప్రశాంతంగా సాగేది" అని నాతో అన్నాడు లోవెల్.

"ఇరవయ్యేళ్ల కిందట దొరికుంటే అసలు నిన్ను పెళ్లి చేసుకునేదాన్నే కాదు, నీ మాటలు విని మోసపోయాను కదా" అంది మింటీ.

అసలు లేజరు యంత్రం టెనెసీలో రిటైరయ్యే ఒక డాక్టరు దగ్గర దొరికింది. లోవెల్, అతని తమ్ముడు కలిసి పికప్పులో తెచ్చారు, చుట్టూ నాలుగు బొంతలు చుట్టి, తాళ్లు కట్టి. ఆఫీసు ముందు దింపుతుంటే వీధి వీధంతా చూడటానికి వచ్చింది. పక్కన హార్డ్‌వేరు కొట్టు గార్నెట్ తన బరువుల బండి తెచ్చి సాయం పట్టాడు. పట్టి ఊరుకుంటే గార్నెట్ ఎందుకవుతాడు.

"దీనికి తుపాకి లైసెన్సు కావాలా డాక్టరుగారూ?"

"నీకు గురిపెట్టాలంటే కావాలి" అంది మింటీ. "ముందు ఆ మూల పట్టుకో, గోడకు తగులుతోంది."

మొదటి పేషెంటు వెర్డీ కూంబ్స్. బళ్లో మాకు అన్నం పెట్టిన వంటావిడ, ఊరందరికీ వెర్డీ అత్త. ఎడమ కంటి పొర బాగా మసకబారింది. బుధవారం పదింటికి రమ్మన్నాం. తొమ్మిదిన్నరకే దిగింది, ఇద్దరు కూతుళ్లు, ఒక అల్లుడు, ఎండు ఆపిల్ ముక్కలు కూరి ఏడు దొంతరలుగా పేర్చిన కేకుతో సహా. పని అయ్యాక అందరం తినాలని. పేపరు నుంచి ఒక అమ్మాయి కెమెరా పట్టుకొచ్చి కూర్చుంది. గార్నెట్ కొట్టు వదిలేసి వచ్చాడు.

నేను కంట్లో చుక్కలు వేశాను. కంటిపాప విచ్చుకున్నాక మింటీ దీపం పెట్టి చూడటం మొదలుపెట్టింది. చూసింది, చూసింది, ఇంకా చూస్తూనే ఉంది. పైకి చూడమంది, కిందికి చూడమంది, ముక్కు వైపు చూడమంది. ఆమెతో అన్నేళ్లు పనిచేశాను. ఆమె వీపు చూసి చెప్పగలను. ఆ వీపు బిగుసుకుంది.

"వెర్డీ అత్తా, ఈ మధ్య ఈ కంట్లో మెరుపుల్లాంటివి ఏమైనా కనిపించాయా?"

"ఆ, ఆదివారం నుంచీ. దోమలు కూడా ఎగురుతున్నట్టుంది. తోలితే పోవు. నీ దగ్గరికి వస్తున్నాగా, అన్నీ ఒక్కసారే పోతాయిలే అని చెప్పలేదు."

మింటీ కుర్చీ వెనక్కి జరిపి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇవాళ లేజరు పెట్టను అత్తా. కన్ను వెనకాల రెటీనా అని పల్చటి తెర ఉంటుంది. దాని అంచు దగ్గర చిరిగింది. గోడకు అంటించిన కాయితం ఓ మూల లేచినట్టు. వదిలేస్తే మొత్తం ఊడొస్తుంది. దాన్ని సర్జనే అతకాలి, అదీ ఇవాళే."

"మరి నీ యంత్రం ఉందిగా?"

"ఇది ఆ పనికి కాదు. ఆ పని నాది కూడా కాదు."

బయట గదిలో అందరికీ వినబడింది. పేపరమ్మాయి కెమెరా దించింది. పెద్ద కూతురు మొహం ఎర్రబడింది. "ఇంత ఆర్భాటం చేసి, ఊరందర్నీ పిలిచి, చివరికి లెక్సింగ్టనే పొమ్మంటారా? ఇప్పుడు మమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు? మా ఆయన రెండింటికి షిఫ్టు ఎక్కాలి."

"నేను తీసుకెళ్తా" అంది మింటీ. అప్పటికే తాళాలు చేతిలో ఉన్నాయి. "నీవా, డాక్టర్ విట్లో ఆఫీసుకి ఫోన్ చెయ్. ఒంటిగంటకల్లా అక్కడుంటామని చెప్పు. ఇవాళ వచ్చేవాళ్లందరికీ వేరే రోజు ఇవ్వు. కేకు జాగ్రత్త."

ఫోన్లు చేసేసి నేనూ వెళ్లాను, వెనక సీట్లో, వెర్డీ అత్త చెయ్యి పట్టుకుని. దారి పొడుగునా ఆవిడ బడి వంటింటి కబుర్లు చెబుతూనే ఉంది. భయపడితే అలా మాట్లాడుతుందని నాకు తెలుసు.

డాక్టర్ విట్లోను అదే మొదటిసారి చూడటం. పొడుగ్గా, వంగి, కొంగలా ఉన్నాడు. వెర్డీ అత్తను లోపలికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. తన లేజరుతో చిరుగు చుట్టూ అతికాడు. గంట తర్వాత బయటికొచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు.

"సరిగ్గా సమయానికి తెచ్చారు. ఇంకో రెండు రోజులైతే ఈ పనితో పోయేది కాదు. మీ యంత్రంతో పొర కొట్టేసి పంపించేసి ఉంటే ఆమె చూపు మెరుగైందని సంబరపడేది, ఆ తర్వాత రెటీనా ఊడిపోయేది."

"తెలుసండి."

"ఆ చట్టం వద్దన్నవాళ్లలో నేను ముందున్నాను. ఇవాళ్టికీ నా మాట అదే."

"అదీ తెలుసండి. మీ ఉత్తరం చదివాను. రెండో పేరాలో ఒక స్పెల్లింగు తప్పుంది."

ఆయన ఒక్క క్షణం అలా చూసి, కొంగ నవ్వితే ఎలా ఉంటుందో అలా నవ్వాడు. జేబులోంచి కార్డు తీసి వెనకాల తన సొంత ఫోను నంబరు రాశాడు. "అనుమానం వస్తే ఎప్పుడైనా చెయ్యండి. అనుమానం రాకపోతే మరీ తప్పకుండా చెయ్యండి" అన్నాడు.

వెర్డీ అత్త కన్ను దక్కింది. కానీ ఊళ్లో చేరిన కథ వేరు. మింటీ మీట నొక్కడానికి భయపడిందన్నారు. చేతులు వణికాయన్నారు. వణకడం తను కళ్లారా చూశానని, ఆ రోజు ఊళ్లోనే లేని మనిషి చెప్పాడు. తర్వాతి వారం రావలసిన ఇద్దరు ఫోన్ చేసి లెక్సింగ్టనే వెళ్తామన్నారు. గార్నెట్ తన కొట్టు కిటికీలో ఒక అట్టముక్క పెట్టాడు: పేలని తుపాకులు బాగుచేయబడును. ఎక్కడ పొడిస్తే నొప్పో వాడికి తెలుసు.

మింటీ కోపం తెచ్చుకుంటే బాగుండునని నేను అనుకున్నాను. ఆమె యంత్రానికి మళ్లీ బొంత కప్పి, రోజూలాగే అద్దాలు రాసుకుంటూ కూర్చుంది. ఒక్కసారే అంది. "నీవా, ఒకవేళ అది నాకు కనబడకుండా ఉండుంటే?"

"కనబడిందిగా."

"ఆ. కనబడింది." ఇక ఆ మాట ఎత్తలేదు.

పదమూడో రోజు హోబర్ట్ స్లోన్ వచ్చాడు. ఆదివారం చొక్కా వేసుకుని, మంగళవారం.

ఆయన సంగతి చెప్పాలి. డెబ్బై తొమ్మిదేళ్లు. మింటీ వాళ్ల అమ్మకు వరసకు అన్న. వాగు ఎగువనున్న మా బాప్టిస్టు చర్చిలో పాట పాడించేది ఆయనే. మా చర్చిలో పియానో ఉండదు, జనం చేతుల్లో పుస్తకాలుండవు. పాడించే ఆయన చేతిలోనే చిన్న పుస్తకం ఒకటి ఉంటుంది. ఆయన ఒక చరణం గబగబా చదువుతాడు, మేమంతా దాన్ని సాగదీసి, కొండ మీదికి పొగమంచు పాకినట్టు పాడతాం. మళ్లీ ఇంకో చరణం. రెండేళ్లుగా హోబర్ట్‌కు ఆ సన్నక్షరాలు కనబడటం లేదు. రెండు కళ్లకీ శుక్లం ఆపరేషను అయింది, రెండింటికీ పొర కమ్మింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, పుస్తకం కళ్ల ముందు పట్టుకుని కంఠతా వచ్చింది చదివేసేవాడు. వయసు మీద పడ్డ కంఠస్థం కదా, ఒక పాటలో మొదలై ఇంకో పాటలో తేలేవాడు. ఆయన ఏం చెబితే అది పాడటం మా అలవాటు. ఒకసారి నోవా ఓడ ఎక్కి తిన్నగా బెత్లెహేములో దిగాం.

"మింటీ ఉందా?" అన్నాడు నాతో.

మింటీ బయటికొచ్చింది. "మావయ్యా, మీరు లెక్సింగ్టన్ వెళ్తానన్నారుగా?"

"అన్నా. ఇప్పుడు వెళ్లనంటున్నా. ఆ పొర నువ్వే కొట్టు."

"భయపడి నొక్కలేదంట కదా నేను? వినలేదా?"

"విన్నా. అందుకే వచ్చా." ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "మా నాన్న గనిలో మందు పేల్చేవాడు, నీకు తెలుసుగా. ముప్పయ్యేళ్లు పేల్చాడు, ఆయన కింద ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. పైనుంచి ఫోర్‌మన్ అరుస్తుండేవాడు, పేల్చవేంరా, టైమైపోతోందని. ఆయనకు పైకప్పు చప్పుడు నచ్చకపోతే మందు చుట్టేసుకుని బయటికొచ్చి కూర్చుని తన డబ్బాలో రొట్టె తినేవాడు. ఆయన్నీ పిరికోడనే అన్నారు. నువ్వు మందు చుట్టేసుకుని బయటికొచ్చావని వినగానే, ఈ పిల్ల చేతిలో నా కన్ను పెట్టొచ్చు అనుకున్నా."

మింటీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్లీ తీసి తుడుచుకుంది.

"లోపలికి రండి" అంది.

ముందు రెండు కళ్లూ మూలమూలలా వెతికింది. వెర్డీ అత్తకు పట్టిన దానికన్నా ఎక్కువసేపే పట్టింది. ఎక్కడా చిరుగు లేదు. ఏమేం తేడా రావచ్చో దాపరికం లేకుండా చెప్పింది, కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, తర్వాత మెరుపులు కనబడితే ఆ నిమిషమే ఫోన్ చెయ్యాలి, ఇవాళ కుడి కన్ను ఒక్కటే, రెండోది రెండు వారాలాగి. ఆయన సంతకం పెట్టాడు. నేను బొంత తీశాను. తిమ్మిరి చుక్కలు వేశాం. ఆయన గడ్డం ఆనించాడు.

"మావయ్యా, ఎదురుగా నా చెవి చూడండి. మాట్లాడకూడదు."

"నీ చెవి మీ అమ్మ చెవిలాగే..."

"మాట్లాడకూడదు."

గదిలో చిన్న చిటికెల చప్పుడు. ఒకటి. ఆగింది. మరొకటి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మింటీ చేతులు చూశాను. నిమ్మళంగా ఉన్నాయి, కుట్టుపని చేసుకుంటున్నట్టు. ఇంకొన్ని చిటికెలు. ఆమె వెనక్కి వాలింది.

"ఎప్పుడు మొదలెడతావ్?" అన్నాడు హోబర్ట్.

"అయిపోయింది మావయ్యా."

"ఏంటి అయ్యేది? నేనింకా నీకోసం ప్రార్థన సగంలో ఉన్నా."

"మిగతా సగం రెండో కంటికి దాచుకోండి."

గంటసేపు కూర్చోబెట్టి ఒత్తిడి చూసి, లోవెల్‌తో ఇంటికి పంపించాం. చుక్కల వల్ల ఆ రోజంతా మసగ్గానే ఉంటుందని చెప్పాం. మర్నాడు పొద్దున్న నేను ఆఫీసు తాళం తీస్తుండగానే ఫోను మోగుతోంది.

"మింటీని పిలువు. నేను ఆవిడ మీద ఫిర్యాదు చెయ్యాలి."

అవతల హోబర్ట్. మింటీ అప్పుడే కోటు విప్పుతోంది, పరుగెత్తుకొచ్చి అందుకుంది. ఆయన గొంతు నాకూ వినబడేంత గట్టిగా ఉంది.

"నా వంటిల్లు ఇంత మురికిగా ఉందని నాకెవరూ చెప్పలేదేంటే? పొయ్యి మీద జిడ్డు ఉంది. నిన్నటిదాకా లేదు. అద్దంలో ఎవడో ముసలోడు ఉన్నాడు. వాడు మా నాన్న చొక్కా వేసుకున్నాడు."

మింటీ ఫోను చెవికి ఆనించుకుని నేల మీదే కూలబడింది, కోటు ఒక చేతికి ఉండగానే. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం. "మెరుపులేమైనా ఉన్నాయా మావయ్యా?" అని మాత్రం అడిగింది.

"మెరుపులు లేవు. జిడ్డుంది."

రెండో కన్ను కూడా అయ్యాక వచ్చిన ఆదివారం చర్చి కిక్కిరిసింది. గార్నెట్ కూడా వచ్చాడు, వాడు చర్చిలో కనబడి చాలాకాలమైంది. హోబర్ట్ లేచి నిలబడి పుస్తకం తెరిచాడు. ఇప్పుడు దాన్ని చెయ్యి చాచినంత దూరంలో, చదువుకోవడానికి వేసుకునే అద్దాలు ముక్కు మీదికి దించి పట్టుకున్నాడు. మొదటి చరణం చదివాడు. "ఆ ఒడ్డున నాకొక కోట ఉంది."

మేం పాడాం. రెండేళ్ల అలవాటు. "ఆ ఒడ్డున నాకొక తోట ఉంది."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "కోట."

ముందు వరుసలోంచి ఓలా అనే ముసలావిడ, ఆయనకన్నా రెండేళ్లు పెద్దది, కూర్చునే అంది. "రెండేళ్లుగా తోటనే చెప్పావు తమ్ముడూ."

"తప్పు చెప్పా అక్కా. నాకు కనబడక చెప్పా. ఇక్కడ కోటనే ఉంది."

"కోటలో నాకేం పని? ఊడ్చలేక చావాలి. తోటైతే నాలుగు బీన్సు పాదులన్నా పెట్టుకుంటా."

నవ్వు వెనక బెంచీల నుంచి మొదలై ముందుకు వచ్చింది. మా చర్చిలో నవ్వడం తక్కువ. పాస్టరు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. హోబర్ట్ పుస్తకం వంక చూశాడు, ఓలా వంక చూశాడు, చివరికి "సరే, తోట" అన్నాడు. తోటనే పాడాం. ఆ పాట మా దగ్గర ఇప్పటికీ అలాగే పాడతారు. పైన కిటికీ కదిలేంత గట్టిగా పాడాం ఆ రోజు. మింటీకి గొంతు లేదు, ఎప్పుడూ పెదాలే కదుపుతుంది. ఆ రోజు గొంతు విప్పింది, పక్కనున్నది నేనే కనక భరించాను.

బయటికొచ్చాక గార్నెట్ మెట్ల దగ్గర ఆమె కోసం నిలబడి ఉన్నాడు. "డాక్టరుగారూ, మా అమ్మకు కూడా పొరొచ్చిందంటున్నారు."

"తీసుకురా. చూస్తా."

"నొక్కుతారా?"

"చూస్తానన్నా. నొక్కుతానన్లేదు."

సోమవారం పొద్దున వాడి కొట్టు కిటికీలో అట్టముక్క లేదు.

ఆ తర్వాత రెండున్నర నెలలకు వెర్డీ అత్త వచ్చింది, లెక్సింగ్టన్ నుంచి ఒక కవరు పట్టుకుని. డాక్టర్ విట్లో రాసిన ఉత్తరం. రెటీనా గట్టిగా అతుక్కుందనీ, ఎడమ కంటి పొర ఇక తీయొచ్చనీ, అది డాక్టర్ స్టిడమ్ చేస్తే తనకు అభ్యంతరం లేదనీ, ఆవిడను మళ్లీ అంత దూరం తిప్పడంలో అర్థం లేదనీ. పద్దెనిమిదేళ్లుగా మేం అటు పంపిన చీటీలే గానీ, అటు నుంచి ఇటు వచ్చింది అదే మొదటిది. నేను దాన్ని ఫైల్లో పెట్టబోతే మింటీ ఇలా ఇమ్మని తీసుకుని, ఒక్కో మాటా చదివి, "ఈసారి స్పెల్లింగు సరిగ్గానే ఉంది" అంది. డాక్టర్ అని రాసిన చోట వేలు కాసేపు ఆగింది, అది నేను చూశాను.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్లు. విట్లో, మింటీ ఇప్పటికీ ఆ చట్టం గురించి ఫోన్లో పోట్లాడుకుంటారు. పోట్లాట అయ్యాక పేషెంట్ల గురించి మాట్లాడుకుంటారు. లేజరు కోసం వచ్చినవాళ్లలో కొందరిని ఆమె ఇప్పటికీ వద్దని వెనక్కి పంపుతుంది, కొందరిని కారెక్కించి ఆయన దగ్గరికే పంపుతుంది. దాని గురించి ఇప్పుడు ఊళ్లో ఎవరూ ఏమీ అనరు.

నాకు వీటన్నిటిలో ఇష్టమైంది నెలకో శుక్రవారం. ఆ వేళ లోవెల్ చర్చి వ్యాను తీసుకుని వాగు ఎగువకు వెళ్లి, వారం కిందట లేజరు చేయించుకున్న పెద్దవాళ్లను మళ్లీ పరీక్షకు తీసుకొస్తాడు. మొన్న శుక్రవారం సాయానికి నేనూ వెళ్లాను. ఆరుగురున్నారు. ఎక్కగానే మొదలెట్టారు. రోడ్డు పక్కన కనబడిన ప్రతి బోర్డూ పైకి చదవడమే. టైర్లు అమ్మబడును. టమాటాలు. వంతెన మీద మంచు ఉండవచ్చు. కుక్కపిల్లలు ఉచితం. ఒకరు చదివితే ఇంకొకరు "నేను ముందు చూశా" అని తగువు. మలుపు మలుపుకీ ఒకే వేగం బోర్డు ఉంటే ఆరుగురూ ఆరు గొంతులతో ఆ అంకె చదివారు, చదివి అందరూ లోవెల్ ముందున్న మీటరు వైపు వంగారు.

"మీ అందరికీ కనబడుతోందని నాకు అర్థమైంది" అన్నాడు లోవెల్. "కాస్త నోళ్లు మూసుకుంటారా?"

"నలభై ఐదులో పోతున్నావ్ నాయనా" అంది వెనక నుంచి ఒక పెద్దావిడ. "ముప్పై ఐదని రాసుంది."

లోవెల్ వేగం తగ్గించాడు.